మేత రొయ్యకి కాదు, చెరువుకి

మా దగ్గర కాలువ ఒక్కటే. పైవాళ్లు వదిలిన మురుగే కిందవాళ్లకి కొత్తనీరు. పక్క రొయ్యల చెరువులో వైట్ స్పాట్ (రొయ్యల్ని మూకుమ్మడిగా చంపే వైరస్ జబ్బు) వచ్చిందంటే నాలుగు రోజుల్లో మన గట్టు మీదా కాకులు దిగుతాయి. నీళ్లు వీలైనంత తక్కువ మార్చి, మేతలో కొంత చెరువులోనే పుట్టించే పద్ధతికి నేను దిగింది అందుకే. థాయ్‌లాండ్ రైతుల దగ్గర పుట్టిన ఈ పద్ధతిని ఆక్వామిమిక్రీ అంటారు.

"నీళ్లు మార్చకుండా వనామీ రొయ్యని బతికిస్తావేంట్రా?" అన్నాడు మా బాబాయి. చెరువు రెండెకరాలు, ఇద్దరిదీ.

ఎండగట్టడం, మధ్యలో బురద చేరడానికి గుంట తవ్వడం, సన్నటి వలసంచి కట్టి నీళ్లు పెట్టడం, చేపలు చావడానికి టీ సీడ్ కేక్ (టీ గింజల చెక్క) కొట్టడం, ఇవన్నీ తెలిసిన పనులే. అసలు సంగతి తౌడు దగ్గరుంది. ఊక లేని మెత్తటి తౌడుని నీళ్లలో కలిపి, ప్రోబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవులు) వేసి, గాలి పెట్టి ఒక రోజు పులియబెట్టాలి. పులిసిన దోసెపిండి వాసన రావాలి. కుళ్లు వాసనొస్తే పారబొయ్యడమే. పిల్ల వదలకముందే మీటరు లోతు నీటికి 50 పీపీఎం (వెయ్యి లీటర్లకి 50 గ్రాములు) లెక్కన పడాలి. మా చెరువుకి అది సుమారు 400 కిలోలు. ఒకేసారి కాదు, విడతలుగా.

ఒకరోజు పొద్దున్నే గాజుగ్లాసు ముంచి ఎండకి పట్టుకున్నాను. తెల్లటి చుక్కలు కుదుపు కుదుపుగా గెంతుతున్నాయి. కోపిపాడ్‌లు! తౌడు వల్ల పెరిగి రొయ్యపిల్లకి మేతయ్యే బుల్లి జీవులివి. అవి కనబడ్డాకే సీడ్ (రొయ్యపిల్ల) తెచ్చాం. చుట్టుపక్కల ఎకరాకి లక్షన్నర పైనే వదిలితే, మేము 80 వేలతో ఆగాం. చెరువులో పుట్టే మేత అంతకుమించి సాకలేదు.

మొదటి నెల బస్తా మేత చాలా కొద్దిగా వేశాం. బాబాయికి నిద్ర పట్టలేదు. చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) ఎక్కిన పిల్లని అరచేతిలో పెట్టి చూపించాను: వీపు వెంట పేగు నల్లగా, నిండుగా ఉంది. బస్తా మేత తిన్నదైతే లేత గోధుమరంగులో ఉంటుంది. చూసి ఏమీ అనలేదు, గట్టు మీదే కూర్చుండిపోయాడు.

మేత లేకుండానే పెంచేయొచ్చని చెప్పేవాళ్లని నమ్మకండి. రొయ్య పెరిగేకొద్దీ మేత పెంచక తప్పలేదు. కరెంటు ఖర్చూ తగ్గదు. తౌడు మీద పెరిగే బ్యాక్టీరియా అమ్మోనియాని లాగేస్తుంది, నిజమే. దాంతోపాటు ఆక్సిజన్‌నీ లాగేస్తుంది. తెల్లవారుజామున ఏరేటర్ (నీళ్లకి గాలి పెట్టే మిషను) ఆగిందంటే అంతే సంగతులు. ముసురు పట్టిన రోజుల్లో తౌడు ఆపేశాం. నీటి క్షారగుణం (ఆల్కలినిటీ) పడిపోతే డోలమైట్ అనే రాతిపొడి చల్లాం. నీళ్లు ఆవిరైనంత మేరకే రిజర్వాయర్ చెరువు నుంచి తోడాం. గుంటలోని బురదని మాత్రం క్రమం తప్పకుండా లాగేశాం. అది వదిలేస్తే ఈ పద్ధతే లేదు.

పట్టుబడి రోజున మొత్తం బరువు పక్కవాళ్లకంటే తక్కువే. ఎకరాకి సగం పిల్ల వదిలినప్పుడు అంతేగా! మేత బిల్లు, మందుల బిల్లు బాగా తగ్గాయి కాబట్టి చేతికి డబ్బు మిగిలింది. కొనేవాడు మాత్రం ఎలా పెంచామో అడగనైనా అడగలేదు. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసి, అందరికీ ఇచ్చిన రేటే కట్టి లారీ ఎక్కించాడు.