కాగితం మీద దొరకని ఫ్రోబర్గర్

మూడు వారాలుగా రాత్రి పడుకునే ముందు ఒకటే వింటున్నాను. యోహాన్ యాకోబ్ ఫ్రోబర్గర్ హార్ప్సికార్డ్ (పియానోకి ముందు తరం కీబోర్డు వాద్యం) కోసం రాసిన ఒక విలాపం, కొన్ని నిమిషాల ముక్క. 1654 జూలైలో వియన్నాలో చక్రవర్తి మూడవ ఫెర్డినాండ్ పెద్దకొడుకు మశూచితో పోయాడు, వయసు ఇరవయ్యేళ్లు. ఆస్థానంలో ఆర్గన్ వాయించే ఆర్గనిస్టుగా ఉన్న ఫ్రోబర్గర్ ఆ అబ్బాయి కోసం దీన్ని కట్టాడు. ఇందులో ఉన్నవి మన శంకరాభరణం స్వరాలే, అయినా వింటుంటే గొంతు పట్టేస్తుంది. చివర్లో అన్నీ సద్దుమణిగాక ఒక్కో స్వరం మెట్లెక్కినట్టు మూడు స్థాయిలు పైకి వెళ్లి ఆగిపోతుంది. 1656లో చక్రవర్తికి ఇచ్చిన చేతిరాత పుస్తకంలో ఆ స్వరాలు ఆగిన చోట మేఘాలు, దేవదూతల ముఖాలు గీసి ఉన్నాయి. ఆ పేజీ ఫోటో చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడిచేది ఇంకోటి ఉంది. 1652లో పారిస్‌లో ఆయన స్నేహితుడు, లూట్ అనే తీగవాద్యం వాయించే బ్లాంక్రోషే, మెట్ల మీంచి పడి చనిపోయాడు. అతని కోసం రాసినదాంట్లో స్వరాలు చివరికి కిందికి, ఇంకా కిందికి జారి అడుగున ఆగుతాయి. పేజీ పైన మాత్రం, ఇది చాలా నెమ్మదిగా, ఏ తాళమూ పట్టించుకోకుండా, వాయించేవాళ్ల విచక్షణతో వాయించాలని సూచన ఉంటుంది.

నన్ను పట్టుకున్నది ఈ విచక్షణ అన్న మాటే. హార్ప్సికార్డ్‌లో తీగని మీటడమే తప్ప గట్టిగా, మెల్లగా కొట్టే వీలు లేదు, మీటిన స్వరం వెంటనే సన్నబడిపోతుంది. అందుకే ఆయన లూట్ వాళ్ల పద్ధతి తీసుకుని, ఒకేసారి మోగాల్సిన స్వరాలను విడదీసి ఒకదాని వెనక ఒకటి జారవిడుస్తాడు. ఎంత ఆలస్యంగా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నదాంట్లోనే ఏడుపంతా ఉంది. కాగితం మీద అది కనిపించదు. చిన్నప్పుడు నేను వీణ నేర్చుకునేటప్పుడు మా టీచరుగారు నోట్‌బుక్ మూయించి, నా వేలి మీద తన వేలు పెట్టి మెట్టు మీద తీగ లాగించేవారు, గమకం రాసుకుంటే రాదనేవారు. ఫ్రోబర్గర్‌ని వింటున్నప్పుడల్లా ఆ వేలి నొప్పి గుర్తొస్తోంది.

ఆయన నేర్చుకున్నదీ అలాగే. 1616లో స్టుట్‌గార్ట్‌లో పుట్టాడు, తండ్రి కూడా ఆస్థాన సంగీతకారుడే. 1637లో వియన్నాలో ఉద్యోగం వచ్చింది, ఆ ఏడాదే అమ్మానాన్నలిద్దరూ ప్లేగుతో పోయారు. ఆస్థానం ఇచ్చిన డబ్బుతో రోమ్ వెళ్లి అక్కడి పేరున్న ఆర్గనిస్టు ఫ్రెస్కోబాల్డి దగ్గర మూడేళ్లకు పైగా శిష్యరికం చేశాడు. ఆ తర్వాత జీవితంలో సగం తిరుగుడే. డ్రెస్డెన్‌లో వెక్‌మన్ అనే ఆర్గనిస్టుతో పోటీకి కూర్చుని స్నేహితుడై లేచాడు, పారిస్‌లో హార్ప్సికార్డ్ విద్వాంసుడు లూయీ కూపెరాన్ ఈయన పద్ధతిలో రాయడం మొదలుపెట్టాడు. ఇంగ్లండ్ వెళ్తుంటే దారిలో సైనికులు, సముద్రంలో దొంగలు దోచుకుంటే లండన్ చేరాక ఆ దిగులు పోగొట్టుకోవడానికి ఒక ముక్క రాశాడు. రైన్ నదిలో పడవ ప్రయాణం ప్రాణాల మీదికి వస్తే దాన్నీ రాశాడు, ఏ స్వరం దగ్గర ఏం జరిగిందో అంకెలు వేసి మరీ! ఇది డైరీ కాక మరేమిటి? మనసులోని బాధని ఊరు, సందర్భంతో సహా కీబోర్డు మీద ఇంత సూటిగా చెప్పినవాళ్లు ఆయనకు ముందు నాకైతే కనిపించలేదు.

1657లో చక్రవర్తి పోయాక ఆస్థానంలో ఆయన ఉద్యోగమూ పోయింది. చివరికి ఫ్రాన్స్ తూర్పు వైపున్న ఎరికూర్‌లో వ్యుర్టెంబర్గ్ డచెస్ సిబిల్లా ఇంట్లో ఉంటూ ఆవిడకు పాఠాలు చెప్పాడు. 1667 మేలో సాయంత్రం ప్రార్థన వేళ ఉన్నట్టుండి చనిపోయాడు. ఆవిడ డచ్ కవి కాన్స్టాంటైన్ హైగన్స్‌కి రాసిన ఉత్తరాలు ఉన్నాయి. తన రచనలు ఎవరికీ ఇవ్వొద్దని, వాయించడం తెలియక పాడుచేస్తారని ఫ్రోబర్గర్ చెప్పాడట, ఆవిడా అదే నమ్మింది, ఆయన దగ్గర నేర్చుకోనివాళ్లకు ఆ విచక్షణ రాదని. కొలోన్‌లోని ఒక ఆర్గనిస్టు గురించి మెచ్చుకోలుగా చెబుతూ, ఫ్రోబర్గర్ ముక్క ఒకదాన్ని ఆయన చేతి నుంచే ఒక్కో పట్టు నేర్చుకున్నాడని రాసింది. నాకు ఆవిడ మీద కోపం రావాలి, ఎన్ని పోయాయో కదా, కానీ రావడం లేదు. నేనైనా అదే చేసేదాన్నేమో.

2006లో ఆయన చేతిరాత పుస్తకం ఒకటి బయటపడి లండన్‌లో వేలానికి వచ్చింది. అంతకుముందు ఎవరికీ తెలియని ముక్కలు చాలానే ఉన్నాయి అందులో. వాటిలో ఒకటి సిబిల్లాకు ముందుముందు రాబోయే మరణాన్ని తలచుకుంటూ రాసిన ధ్యానం, నెమ్మదిగా, విచక్షణతో వాయించాలని దాని మీదా ఉంది. ఆయనే ముందు వెళ్లిపోయాడు. ఆవిడ ఆ తర్వాత ఇంకో 40 ఏళ్లు, 1707 వరకు బతికింది.