ఇద్దరికీ రాని పనిని ఇద్దరం నేర్చుకున్నాము

చిన్నమ్మాయి హాస్టలుకు వెళ్లిన తరువాత నెల్లూరులోని మా ఇంట్లో మేమిద్దరమే మిగిలాము. మాటలు కరవయ్యాయని కాదు, ఉన్న మాటలన్నీ కరెంటు బిల్లు, గ్యాసు బండ, పాల లెక్క దగ్గరే ఆగిపోయేవి. వారానికొక పనైనా కలిసి చేద్దామని అనుకొని మొదట సినిమాలకు వెళ్లాము, తరువాత పొద్దున నడక మొదలుపెట్టాము. సినిమాలో మాట్లాడుకునే వీలు లేదు, నడకలో మా వారు ఎప్పుడూ ముందే ఉండేవారు. మైపాడు సముద్రతీరానికి వెళ్లి వచ్చిన సంతోషం కూడా ఇల్లు చేరేసరికే తీరిపోయింది.

ఆ రోజుల్లోనే, అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధన గురించి చదివాను. కొన్ని జంటలను మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర కలిపి కట్టి, ఒక దిండును చేతులతో పట్టుకోకుండా మోస్తూ పరుపుల మీద పాకమన్నారు. అలా కొత్తగా, హుషారుగా ఉండే పని చేసిన వారు, విసుగు పుట్టించే పని చేసిన వారికంటే తమ దాంపత్యం పట్ల ఎక్కువ తృప్తి చూపారు. ఈ వయసులో దిండుతో పాకడం మావల్ల కాదు కనుక, ఇద్దరికీ రాని పని ఏదా అని ఆలోచించాము.

అది మా వంటింట్లోనే దొరికింది. నా పుట్టిల్లు మార్కాపురం వైపు, అక్కడ మేము చేపలు వండినది తక్కువ. ఇక్కడ మా అత్తగారు ఉన్నన్నాళ్లూ చేపల పులుసు ఆవిడ చేతి వంటే. ఆవిడ పోయాక మా వారికి రుచి తెలుసు, నాకు పొయ్యి తెలుసు, పులుసు మాత్రం ఇద్దరికీ తెలియదు. ఫోనులో మా వదినను అడిగితే చింతపండు "చూసి వేసుకోండి" అనేదే తప్ప కొలత చెప్పేది కాదు.

చేప ముక్కలను ఉప్పు, పసుపు వేసి కడగడం ఆయన పని, ధనియాలు, మెంతులు వేయించి పొడి కొట్టడం నా పని. ముక్కలు పడ్డాక గరిటె పెడితే విరిగిపోతాయి కాబట్టి, గిన్నె అంచులను గుడ్డతో పట్టుకొని మెల్లగా తిప్పాలి. మా గిన్నె బరువైనది కావడంతో చెరొక వైపు పట్టుకునేవాళ్లం. ఒకరు తొందరపడితే పులుసు రెండోవారి చేతిమీద చిందుతుంది. పుల్లమామిడి ముక్కలు ఎప్పుడు వేయాలన్న దాని మీదే మాకు ఎక్కువ వాదన జరిగింది. ముందే వేస్తే మెత్తబడి కలిసిపోతాయని ఆయన, ఆలస్యమైతే పులుపు దిగదని నేను. చివరికి పని ఎవరి చేతిలో ఉంటే నిర్ణయం వారిదేనని, రెండోవారు అది పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదని ఒప్పందం చేసుకున్నాము. నా అభిప్రాయంలో మాకు మేలు చేసింది పులుసుకంటే ఈ ఒప్పందమే.

ఈ పులుసుకు మరునాడే రుచి. అందువల్ల శనివారం సాయంత్రం వండి, ఆదివారం మధ్యాహ్నం తినేవాళ్లం, మధ్యలో ఎలా కుదిరిందోనన్న చర్చ ఎలాగూ ఉండేది. అప్పులు, పిల్లల ఫీజుల వంటి చిక్కు విషయాలను మాత్రం పొయ్యి దగ్గరకు రానివ్వలేదు, అవి కాగితం, కలం పెట్టుకొని విడిగా కూర్చుంటేనే తేలతాయి.

ఇప్పుడు పులుసు చేతికి అలవాటైపోయి కొత్తదనం తగ్గింది. ఈ వేసవిలో ఆవకాయ పెడదామనుకున్నాము. వెల్లుల్లి వేయాలని ఆయన, వద్దని నేను. రెండు జాడీలు కొన్నాము.