నమ్ముచున్నాను, నాకు సహాయము చేయుము

మా ఇంట్లో బీరువా తలుపు మీద మూడేళ్ల నాటి వాగ్దాన కార్డు ఇంకా అంటించే ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటగానే, బైబిలు వాగ్దాన వచనం రాసి పళ్లెంలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి ఇంటికొకటి తీసుకోవడం మన సంఘాల్లో అందరికీ తెలిసిందే. ఆ ఏడు మా ఇంటికి నాన్న తీశారు. "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే." నిర్గమకాండము 15:26. అప్పటికి నాన్నకు కిడ్నీలు పాడై ఆరు నెలలు. వారానికి మూడుసార్లు ఒంగోలు వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నారు. కార్డు చదివి నాన్న అక్కడే మోకాళ్ల మీద పడి ఏడ్చారు. చుట్టూ ఉన్నవాళ్లు హల్లెలూయ అన్నారు. దేవుడు ఇంకెంత స్పష్టంగా చెప్పాలి?

ఆగస్టులో నాన్న పోయారు.

హల్లెలూయ అన్నవాళ్లే వచ్చి "దేవుని చిత్తం" అన్నారు. జ్ఞాపకార్థ కూడికకు వచ్చిన ఒక పెద్దాయన భోజనం చేస్తూ, "ఇంట్లో ఎవరి విశ్వాసంలోనో లోపం ఉండి ఉంటుందమ్మా" అన్నారు. వడ్డిస్తున్న గరిటె నా చేతిలోనే ఆగిపోయింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆ లోపం నాదే అనుకున్నాను. ఎందుకంటే జులైలో ఒక రోజు డయాలసిస్ గది బయట బెంచీ మీద కూర్చుని, 'ఇదంతా వినేవాళ్లు ఎవరూ లేరేమో' అనుకున్నాను. నోటితో అనలేదు, మనసులోనే. ఆ ఒక్క ఆలోచనే నాన్నను చంపిందని ఏడాదిపాటు నమ్మాను.

అదే పరిస్థితిలో ఉండి ఎవరికీ చెప్పుకోలేకపోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మాటలు రాస్తున్నాను.

సందేహం ఒక్కటిగా రాదు. ఒకటి లోపలికి వచ్చాక వెనకాలే మిగతావి వరుస కడతాయి. హైదరాబాద్‌లో ఉద్యోగానికి వచ్చాక హాస్టల్లో ఒక అమ్మాయి మామూలుగానే అంది, "మీ తాతలు కరువులో తిండి కోసం మారారటగా?" అంతకుముందైతే నవ్వి ఊరుకునేదాన్ని. ఆ రోజు నిద్ర పట్టలేదు. నాన్న నమ్మింది, నానమ్మ నమ్మింది, నాకు ఉగ్గుపాలతో వచ్చింది, అంతా ఒక గంజి గిన్నె దగ్గర మొదలైందా?

మాది ఒంగోలు దగ్గర ఊరు కాబట్టి ఆ కథ వెతుక్కుంటూ వెళ్లాను. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమోనన్న అనుమానంతో కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం అయిపోయింది, ఇక పంచడానికి ఏమీ లేదన్నాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ లెక్కతో నా ప్రశ్నలన్నీ తీరిపోయాయని అనను. కానీ ఒక సంగతి నన్ను పట్టుకుంది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నూట నలభై ఏళ్ల కిందటే క్లౌ దొరకు వచ్చింది. ఆయన దాన్ని పాపమని తొక్కిపెట్టలేదు, ఆగి చూశాడు. మన సంఘం పుట్టుకలోనే అంత పెద్ద అనుమానం ఉంటే, నాకొచ్చింది ఎందుకు దాచుకోవాలి?

అయినా దాచుకున్నాను. యాకోబు 1:6 గుర్తొస్తే భయం. "సందేహించువాడు గాలిచేత రేపబడి యెగిరిపడు సముద్ర తరంగమును పోలియుండును." చిన్నప్పటి నుంచి ఎవరు ప్రశ్న వేసినా ఈ వచనంతోనే నోరు మూయించడం చూశాను. "సందేహపడువారిమీద కనికరము చూపుడి" అని యూదా పత్రిక 22వ వచనంలో ఉంది. నాకు తెలిసి మా ఊళ్లో దాని మీద ఒక్క ప్రసంగం కూడా వినలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

మార్పు ఒక క్రిస్మస్ సెలవుల్లో మొదలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చింది. నాన్న ప్రార్థన చేసుకునే చోటే, అదే చాప మీద అమ్మ కూర్చుని ఉంది. ముసుగు వేసుకుని గోడ వైపు తిరిగి మాట్లాడుతోంది. అమ్మ ఎప్పుడూ స్తోత్రాలతో మొదలుపెడుతుంది. ఆ రోజు స్తోత్రం లేదు. "నాకు అర్థం కావట్లేదు నాయనా. కార్డు ఎందుకిచ్చావు? ఇవ్వకుండా ఉంటే పోయేదిగా. నేను మాత్రం ఎక్కడికి పోను? వచ్చాను, కూర్చున్నాను." అంతే. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను దుప్పట్లో కదలకుండా పడుకున్నాను. మా సంఘంలో అమ్మది గట్టి విశ్వాసమని పేరు. అమ్మకు కూడా నా ప్రశ్నే ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. తేడా ఒక్కటే. నేను ఆ ప్రశ్న పట్టుకుని దేవుని దగ్గర నుంచి లేచి వచ్చేశాను. అమ్మ అదే ప్రశ్న పట్టుకుని ఆయన ముందు కూర్చుంది.

ఆ పగలు మార్కు 9వ అధ్యాయం తీశాను.

ఈ కథ మనకు ఆదివారపు బడి నుంచి తెలుసు. మూగ దయ్యం పట్టిన కొడుకును ఒక తండ్రి తీసుకొస్తాడు. కానీ ఆ తండ్రి ఎక్కడ నిలబడి ఉన్నాడో ఎప్పుడైనా చూశారా? యేసు కొండ మీద ఉన్నాడు. కింద శిష్యులు ప్రయత్నించి ఓడిపోయారు. యూదుల ధర్మశాస్త్రం బోధించే శాస్త్రులు వచ్చి వాళ్లతో వాదన పెట్టుకున్నారు. చుట్టూ జనం. ఇటు వాదించేవాళ్లు, అటు వాదించేవాళ్లు, మధ్యలో పిల్లవాడిని పట్టుకుని తండ్రి. "నీ శిష్యులను అడిగితిని గాని అది వారిచేత కాలేదు" అంటాడు. అంటే అతని నమ్మకాన్ని మొదట దెబ్బతీసింది దేవుని మనుషులే. దయ్యాన్ని వెళ్లగొట్టాలని చూశారు, జరగలేదు. డయాలసిస్ గదిలో నాన్న మంచం చుట్టూ నిలబడి చేతులుంచిన వాళ్లందరూ నాకు గుర్తొచ్చారు.

అందుకే అతను "ఏమైనను నీవలననైతే" అని మొదలుపెట్టాడు. పాపం, ఎంత ఆశపడి ఎంత దెబ్బతింటే ఆ 'అయితే' వస్తుంది! ఆ మాట అన్నందుకు యేసు అతన్ని పంపించేయలేదు. "నమ్మువానికి సమస్తమును సాధ్యమే" అన్నాడు. అప్పుడు ఆ తండ్రి బిగ్గరగా చెప్పాడు: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము."

ఈ రెండు వచనాలు పక్కపక్కన పెట్టి చదవండి. 22వ వచనంలో "మామీద కనికరపడి మాకు సహాయము చేయుము" అన్నాడు. అది కొడుకు కోసం. 24వ వచనంలో "నాకు" అన్నాడు. పిల్లవాడి రోగంతో వచ్చిన మనిషి ఇప్పుడు తన రోగం కూడా బయటపెట్టాడు. కొడుకును ఎలా ఆయన దగ్గరకు తెచ్చాడో, తన అపనమ్మకాన్నీ అలాగే ఆయన ముందు పెట్టాడు. యేసు 'ముందు పూర్తిగా నమ్మి రా' అనలేదు. ఆ సగం నమ్మకం వినగానే పనిలోకి దిగాడు. మన కూడికల్లో సాక్ష్యం చెప్పమంటే "నమ్ముచున్నాను" వరకే చెబుతాం. మిగతా సగం మింగేస్తాం. ఆ మింగిన సగమే లోపల కుళ్లుతుంది.

ఇక్కడ మీరు అడుగుతారు, నేనూ అడిగాను. ఆ తండ్రి కొడుకు లేచి నిలబడ్డాడు. మా నాన్న లేవలేదు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్లు చాలామంది వచ్చారు, ఏ మాటా నాకు ఆనలేదు. నాకు ఆనింది 88వ కీర్తన. అది చివరికైనా వెలుగులోకి రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే దగ్గర అయిపోతుంది. అలాంటి పాటను కూడా దేవుని జనం గ్రంథంలోంచి తీసేయలేదు, పాడుకున్నారు. సిలువ మీద ప్రభువు కూడా "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్నాడు కదా. ఆ 'ఎందుకు'కు అప్పుడు ఆకాశం నుంచి ఏ మాటా రాలేదు. నా ప్రశ్న ఆయన నోటి నుంచే విన్నాక ఆయన దగ్గర దాన్ని దాచాల్సిన పని లేదనిపించింది.

బీరువా మీది కార్డు తీసేద్దామా అని అమ్మను అడిగాను. "ఉండనీ. ఆయన్ని అడగాలిగా" అంది.

పెద్దలకు ఒక్క మాట. ప్రభువు తిరిగి లేచాడని తోటి శిష్యులు చెబితే తోమా "నమ్మనే నమ్మను" అన్నది మనకు గుర్తుంటుంది. తర్వాతి వచనం ఎవరూ ఆగి చదవరు. "ఎనిమిది దినములైన తరువాత ఆయన శిష్యులు మరల లోపల ఉన్నప్పుడు తోమా వారితోకూడ ఉండెను." పదిమంది ప్రభువును చూసి పొంగిపోతున్న ఇంట్లో ఒక్కడు నమ్మనని కూర్చున్నాడు. అయినా వాళ్లు అతన్ని వెళ్లగొట్టలేదు. అతనూ వెళ్లిపోలేదు. ఆ ఎనిమిది రోజులు వాళ్లు కలిసే తిన్నారేమో, కలిసే పడుకున్నారేమో. ప్రభువు వచ్చేసరికి తోమా ఆ గదిలో ఉన్నాడు. మీ సంఘంలో ప్రశ్నలడిగే కుర్రాడిని ఎనిమిది రోజులు కాదు, ఎనిమిదేళ్లయినా అలా ఉండనివ్వండి. వాడి విశ్వాసంలో లోపం ఉందని వాడి తండ్రి జ్ఞాపకార్థ భోజనం దగ్గర మాత్రం చెప్పకండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు కూడా గదిలోంచి వెళ్లిపోకండి. పాట నోటికి రాకపోతే పాడకండి, కానీ పాడేవాళ్ల మధ్య కూర్చోండి. మీ మాట విని భయపడని ఒక్క మనిషిని వెతుక్కోండి. నాకు ఆ మనిషి మా పాస్టరు అమ్మగారు. నేను గంటసేపు మాట్లాడితే ఆవిడ ఒక్క వచనం కూడా ఎత్తలేదు. టీ చల్లారిపోతే లేచి మళ్లీ వేడి చేసి తెచ్చింది.

మొన్న నెల మొదటి ఆదివారం ఊళ్లోనే ఉన్నాను. ప్రభురాత్రి భోజనం. రెండేళ్లుగా ఆ సమయానికి బయటికి వెళ్లి చెప్పుల దగ్గర నిలబడేదాన్ని. ఈసారి అమ్మ పక్కనే కూర్చున్నాను. రొట్టె పళ్లెం వచ్చింది, తర్వాత ద్రాక్షరసం పళ్లెం. బొటనవేలంత గాజు గ్లాసు నా వేళ్ల మధ్య వణికింది. నమ్ముచున్నాను అన్నాను లోపల. మిగతా సగం కూడా అన్నాను. తాగి, ఖాళీ గ్లాసు అమ్మ చేతికిచ్చాను.