అడాప్టర్ మీద కమలా తొనలు

మంగళవారం, రాత్రి.

ఫుడ్ రైటింగ్ కోర్సు ఆఖరి అసైన్‌మెంట్ రేపు పొద్దున ఇచ్చేయాలి. ఈ సెమిస్టర్‌లో చదివినవాటిలో ఏవి నచ్చాయో, ఎందుకు నచ్చాయో రాయాలి, అంతే. మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను. నాలుగయ్యేసరికి ఒక్క పేరా తేలింది. అందులో "అద్భుతం" రెండుసార్లు, "నోరూరించే" మూడుసార్లు. నా మొదటి వ్యాసంలో మేడమ్ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది సరిగ్గా ఈ మాటలకే. పక్కన "ఎలా?" అని మాత్రం రాశారు. అది చూసి రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను.

ఇక లాభం లేదని చదివినవన్నీ మళ్లీ ముందేసుకున్నాను.

ముందుగా తీసింది తిండి గురించి రాసిన అమెరికన్ రచయిత్రి ఎం.ఎఫ్.కె. ఫిషర్‌ని. 1937లో వచ్చిన 'సర్వ్ ఇట్ ఫోర్త్'లో ఒక బుల్లి వ్యాసం ఉంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో చలికాలం, ఒక చిన్న గది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కమలాపండు ఒలుస్తుంది. తొనల మీది పీచు ఓపిగ్గా తీసి, గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీద నిన్నటి పేపరు పరిచి, దాని మీద పేర్చి మర్చిపోతుంది. అవి ఉబ్బుతాయి. తర్వాత కిటికీ తెరిచి బయట గట్టు మీది మంచులో పెడుతుంది. చల్లబడ్డాక తింటుంది. కథంతా ఇంతే. ఆ పైపొర పంటి కింద చిట్లడం, లోపలి చల్లదనం చెబుతుందే గాని, అవంటే తనకెందుకంత పిచ్చో చెప్పలేనని చివర్లో తనే ఒప్పేసుకుంటుంది. అలా ఒప్పుకోవచ్చని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

మా గదిలో రేడియేటర్ లేదు. ల్యాప్‌టాప్ అడాప్టర్ ఉంది, అది ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. ఒక కమలాపండు ఒలిచి, నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి పరిచి, ఆరు తొనలు పేర్చాను. పీచు తీయడానికే పావుగంట పట్టింది. గోళ్లు పచ్చబడ్డాయి.

రూమ్మేట్ వచ్చి చూసింది. "ఏంటే ఇది, షార్ట్ సర్క్యూట్ చేద్దామనా?"

"అసైన్‌మెంట్," అన్నాను.

"మీ డిపార్ట్‌మెంటే నయం. మాకు రికార్డులు," అని ఒక తొన నోట్లో వేసుకుంది. "వెచ్చగా ఉంది. ఛీ."

నిజం చెప్పాలంటే నేను ఇప్పటిదాకా రాసుకున్న పేరా మొత్తం కన్నా ఆ "వెచ్చగా ఉంది, ఛీ" నయం.

ఫిషర్‌దే 'హౌ టు కుక్ ఎ వుల్ఫ్' కూడా నా లిస్టులో ఉంది. యుద్ధం రోజుల్లో, 1942లో రాసింది. సరుకులు దొరకని కాలంలో ఇల్లెలా నెట్టుకురావాలన్నదే విషయం. పేరులోని తోడేలు గుమ్మం దాకా వచ్చిన ఆకలే. కానీ నాకు నచ్చింది 1951లో ఆవిడ దాన్ని మళ్లీ వేయించిన తీరు. పాత వాక్యాలు కొట్టేయకుండా, మధ్య మధ్యలో బ్రాకెట్లు పెట్టి తనతో తనే వాదనకు దిగుతుంది. నేనైతే పాత వ్యాసం కనబడితే చాలు, డిలీట్ చేసేస్తాను.

ఫ్రెంచ్ రచయిత బ్రియా సావరిన్‌ని మాత్రం పెట్టట్లేదు. ఏం తింటావో చెప్పు, నువ్వెవరో చెబుతా అన్న ఆయన మాటని క్లాసులో సగం మంది మొదటి వ్యాసంలోనే వాడేశారు. జడ్జిగారు కదా, ప్రతిదానికీ తీర్పు ఇచ్చేస్తారు. రుచి గురించి ఆయన రాసిన పుస్తకం 1825 డిసెంబర్‌లో వచ్చింది, ఆ తర్వాత రెండు నెలలకే పోయారు పాపం. నా దగ్గరున్న ఇంగ్లీషు అనువాదం కూడా ఫిషర్‌దే, 1949లో వచ్చింది. నేను చదివింది ఆవిడ నోట్స్ కోసమే.

జపాన్ రచయిత తానిజాకి 1933 నాటి 'ఇన్ ప్రెయిజ్ ఆఫ్ షాడోస్' అసలు తిండి పుస్తకం కాదు, నీడల గురించి. అందులో లక్క పూత పూసిన గిన్నెలో సూప్ వచ్చే చోటు ఒకటుంది. చీకట్లో గిన్నె మూత తీస్తాడు, లోపల ఏముందో సరిగా కనబడదు, అరచేతిలో బరువు, వెచ్చదనం తెలుస్తాయి. నోట్లోకి ఇంకా ఏమీ వెళ్లలేదు, నాకు మాత్రం ఆకలేసింది.

అమెరికన్ రచయిత డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 'కన్సిడర్ ది లాబ్‌స్టర్' చదివాక మాత్రం ఆకలి చచ్చింది. బుద్ధి గడ్డి తిని భోజనం ముందు పెట్టుకుని చదివాను. ఒక వంటల పత్రిక ఆయన్ని 2003లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జరిగే లాబ్‌స్టర్ ఫెస్టివల్‌కి పంపింది. లాబ్‌స్టరంటే పెద్ద రొయ్యలాంటి సముద్రపు జీవి. సరదాగా ఏదో రాసుకొస్తాడనుకుని ఉంటారు. ఆయనేమో, ప్రాణంతో ఉన్న లాబ్‌స్టర్‌ని మరిగే నీళ్లలో వేయడం మనకు సమ్మతమేనా అని, వండుకుని తినే పాఠకుల్నే అడిగాడు. 2004 ఆగస్టు సంచికలో అచ్చయింది. గిన్నె మూత గడగడలాడుతుంటే వినలేక, కొందరు ప్లాస్టిక్ టైమర్ చేత్తో పట్టుకుని పక్క గదిలోకి వెళ్లి, అయ్యేదాకా అక్కడే నిలబడతారట. ఆ టైమర్ నా బుర్రలోంచి పోవడం లేదు. తినొద్దని ఆయన ఎక్కడా అనడు. తనకూ తేలలేదనే అంటాడు. ఆ పూట నేను తిన్నాను, కాకపోతే ఫోన్ చూస్తూ తిన్నాను. నా టైమర్ అదే కాబోలు.

ఇప్పుడు పదకొండున్నర. పేరా మొత్తం కొట్టేసి మొదటి వాక్యంలో ఆ టైమర్ పెట్టాను, తర్వాత కాస్త కదిలింది. రెండు పేజీలయ్యాయి.

మధ్యలో తొనల్ని చూడటం మర్చిపోయాను. రూమ్మేట్ ఇంకో మూడు లాగించేసింది, ఛీ అంటూనే. మిగిలిన రెండింట్లో ఒకదాని పొర ఎండి, గోటితో తడితే కాగితంలా చప్పుడైంది. మంచు ఎలాగూ లేదు కాబట్టి రెండూ ఫ్రీజర్‌లో పెట్టాను. ఇంకో పది నిమిషాలాగి తీస్తాను.