ఒకే ఇంజిన్, రెండు మెషిన్లు: ల్యాప్‌టాప్ ఎందుకు ఓడుతోంది?

మూడు వారాలుగా ఇదే పోరు. డెస్క్‌టాప్‌లో చెస్ ఆడే ప్రోగ్రామ్ (ఇంజిన్) స్టాక్‌ఫిష్ 17, ల్యాప్‌టాప్‌లో అదే స్టాక్‌ఫిష్ 17. టైం సరిగ్గా పంచితే గెలుపోటములు సరిసమానంగా రావాలి. రావడం లేదు!

చెస్ ఇంజిన్లకు రేటింగ్ జాబితా వేసే సీసీఆర్ఎల్ టెస్టర్లు తమ మెషిన్ వేగాన్ని బట్టి టైం సవరించుకుంటారు కదా, నేనూ అదే పట్టుకున్నా. ఇంజిన్‌లోనే ఉండే వేగ పరీక్ష, బెంచ్, వేస్తే నాలుగు థ్రెడ్లకు డెస్క్‌టాప్ సెకనుకు 46 లక్షల నోడ్లు (ఇంజిన్ చూసే స్థానాలు), ల్యాప్‌టాప్ 32 లక్షలు. అందుకే డెస్క్‌టాప్‌కు 60 సెకన్లు, ల్యాప్‌టాప్‌కు 86. హాష్ (చూసిన స్థానాలు దాచుకునే మెమరీ) రెండింటికీ 256 ఎంబీ, పాండరింగ్ (ఎదుటి ఇంజిన్ టైంలో ఆలోచించడం) బంద్, ప్రతి ఓపెనింగూ రంగులు మార్చి రెండుసార్లు. 200 ఆటల్లో డెస్క్‌టాప్ 25 గెలిచింది, ల్యాప్‌టాప్ 11, మిగతావి డ్రా. అంటే దాదాపు 24 ఎలో (రేటింగ్ పాయింట్లు) తేడా. ఎర్రర్ మార్జిన్ 20 తీసేసినా మొగ్గు అటే.

మొదట రెండు మెషిన్లనూ కలిపే ఎస్ఎస్‌హెచ్ లింకు మీద అనుమానపడ్డా. కేబుల్ మీద ఆలస్యం ఒక మిల్లీసెకను కూడా లేదు. మూవ్ ఓవర్‌హెడ్ (ఇలాంటి ఆలస్యాలకని ఇంజిన్ పక్కన పెట్టే టైం) 100 మిల్లీసెకన్లకు పెంచినా అదే తీరు. చివరికి ఆటల రికార్డు ఫైల్ పీజీఎన్‌ను ఆడిన వేళల ప్రకారం విడదీశా. రాత్రి 100 ఆటల్లో 8–7. పగటి 100 ఆటల్లో 17–4!

కర్నూలు మే నెల మరి. మా మిద్దె మీది గదిలో మధ్యాహ్నం 37 డిగ్రీలు. ల్యాప్‌టాప్ 96కు చేరి, నోడ్లు 22 లక్షలకు పడిపోతున్నాయి. బేతంచెర్ల బండ ముక్కలు రెండు కింద పెట్టి ఎత్తా, ప్రాసెసర్ వేడి లాగే ఎంఎక్స్-4 పేస్ట్ కొత్తగా పూశా (నా మటుకు దాన్ని మించింది లేదు). తగ్గింది నాలుగు డిగ్రీలే. బెంచ్ కొన్ని సెకన్లలో అయిపోతుంది, అంతలో మెషిన్ వేడెక్కదు. చల్లటి మెషిన్‌ను కొలిచి, కాగిపోయిన మెషిన్‌కు టైం ఇచ్చానన్నమాట.

టైం బదులు నోడ్లు ఫిక్స్ చేసి ఆడిస్తే 50 ఆటలు సమంగానే వచ్చాయి. కానీ అది నాకు నచ్చదు, టైం వాడుకునే తెలివి కూడా ఇంజిన్ బలమే. ఇంజిన్ల పోటీ టీసీఈసీలో నిర్వాహకుల మెషిన్ల మీదే అందరినీ ఆడించడం సరైన పద్ధతి. కంప్యూటర్ ఆటల సంఘం ఐసీజీఏ కూడా ఎవరి హార్డ్‌వేర్ వాళ్లు తెచ్చుకునే పోటీ పక్కనే, 2010 నుంచి ఒకే రకం మెషిన్ల మీద సాఫ్ట్‌వేర్ పోటీ పెట్టింది.

ఈ ఆదివారం 20 నిమిషాలు గో ఇన్ఫినిట్ (ఆపేదాకా ఆలోచించమనే ఆదేశం) నడిపి, వేడెక్కాక వచ్చే నోడ్లతో టైం మళ్లీ లెక్కేస్తా. ఆ తర్వాత స్టాక్‌ఫిష్‌కు పోటీగా లీలా, జీపీయూ మీద నడిచే న్యూరల్ నెట్ ఇంజిన్. 2017లో అదే తరహా ఇంజిన్ ఆల్ఫాజీరో సెకనుకు 80 వేల స్థానాలు చూస్తే స్టాక్‌ఫిష్ 7 కోట్లు చూసింది. జీపీయూకూ సీపీయూకూ నోడ్లతో పోలిక కుదరదు కాబట్టి, గోడ సాకెట్ దగ్గర వాట్ మీటర్ పెట్టి కరెంటు లెక్కన పంచి చూడాలని ఉంది. మీటర్ ఆర్డర్ పెట్టేశా.