వీన్యాలెస్ వంటింట్లో మోహో

క్యూబా రాజధాని హవానాకు పడమరగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, పినార్ దెల్ రియో రాష్ట్రంలో ఉన్న వీన్యాలెస్ లోయకు నేను వెళ్లింది పొగాకు తోటలనూ, చదును నేల మీద నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి గుట్టలనూ చూడడానికి. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ లోయ అందాన్ని ఫొటోలు బాగానే చూపిస్తాయి కాబట్టి, అక్కడ నేను బస చేసిన ఇంటి వంటగదిలో నేర్చుకున్న, దుంపల మీద పోసుకునే మోహో అనే సాస్ గురించే ఇక్కడ రాస్తున్నాను.

క్యూబాలో ఇంటి యజమానులు పర్యాటకులకు గదులు అద్దెకు ఇచ్చుకోవడానికి 1997 నుంచి చట్టం అనుమతిస్తోంది. కాసా పర్తికులార్ అనే ఈ ఇళ్లలో భోజనం కూడా ఇంటివారే వండిపెడతారు. మాంసం తినని అతిథికి కొంత జాగ్రత్త అవసరం. నల్ల చిక్కుడు గింజల కూరలో పంది మాంసం ముక్కలు ఉండవచ్చు, మోహోలో నూనెకు బదులు పంది కొవ్వు పడవచ్చు. ముందుగానే అడిగితే మా ఆతిథేయురాలు నూనెతో చేయడానికి సంతోషంగా ఒప్పుకోవడమే కాక, పక్కన నిలబడి చూడమన్నారు.

మోహో అన్నది పుల్లని నారింజ రసం, వెల్లుల్లి, నూనెల కలయిక. దీని మూలం స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవులలో ఉంది; పొగాకు సాగు కోసం ఈ ప్రాంతంలో స్థిరపడినవారిలోనూ ఆ దీవులవారు ఉన్నారు. అక్కడి మోహోలో పులుపు వినెగర్‌ది కాగా, క్యూబాలో ఆ స్థానాన్ని నారింజ తీసుకుంది. 1493లో కొలంబస్ తన రెండో ప్రయాణంలో నిమ్మజాతి విత్తనాలను కరీబియన్‌కు తీసుకువెళ్లింది కూడా కెనరీ దీవుల మీదుగానే.

ఆమె ఒక పెద్ద వెల్లుల్లిగడ్డను పూర్తిగా వొలిచి, చెంచాడు ఉప్పుతో కలిపి చెక్కరోట్లో మెత్తగా నూరారు. ఉప్పు గరుకుదనం వల్ల పాయలు జారిపోకుండా త్వరగా నలుగుతాయి. అందులో అర చెంచా జీలకర్ర పొడి, పెరటి మొక్క నుంచి తుంచిన మందపాటి ఆకులు రెండు మూడు చేర్చారు. వాళ్లు ఒరేగానో ఫ్రాన్సెస్ అని పిలిచే ఆ మొక్క మన వామాకే! ఆ తరువాత కాచిన నూనెను సుమారు పావు కప్పు ఆ ముద్ద మీద పోశారు. మన తాలింపులో దినుసులు నూనెలోకి వెళితే, ఇక్కడ నూనే దినుసుల దగ్గరకు వస్తుంది. ఆ ఒక్క వేడితోనే వెల్లుల్లి ఘాటు తగ్గాలి తప్ప రంగు మారకూడదు, ఎర్రబడితే చేదెక్కుతుంది. చుర్రుమనడం ఆగాక అర కప్పు నారింజ రసం పోసి కలిపారు. రసాన్ని మరగనివ్వకపోవడమే ఈ వంటకానికి ప్రాణమని నా అభిప్రాయం, ఎందుకంటే మరిగితే తొక్క దగ్గర ఉండే ఆ పరిమళం మిగలదు.

దీనిని ఉడికించిన కర్రపెండలం మీద వేడిగా పోస్తారు. దుంప ఉడుకుతుండగా మధ్యలో ఒక గ్లాసు చన్నీళ్లు కుమ్మరిస్తారు. దుంపను ‘భయపెట్టడం’ అని దానికి పేరు. అలా చేస్తే ముక్కలు విచ్చుకొని మెత్తబడతాయని వారి నమ్మకం. క్రిస్మస్ ముందు రాత్రి విందులో పంది వేపుడు పక్కన ఈ వంటకం లేకపోతే వెలితిగా భావించే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి.

సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం కోసం పండించే దుంప అదే కాబట్టి, గోదావరి జిల్లాలవారికి ఇంట్లో మోహో చేసుకోవడం కష్టం కాదు. పెరటి నారింజ దొరికితే మంచిది, లేకపోతే రెండు వంతుల బత్తాయి రసానికి ఒక వంతు నిమ్మరసం కలిపితే పులుపు దాదాపు సరిపోతుంది. పచ్చిమిర్చి వేయాలని చేయి లాగుతుంది కానీ వేయకుండా ఒకసారి తిని చూడాలి, ఇది కారం కోరని వంట. మిగిలినది ఫ్రిజ్‌లోనే ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయాలి, వెల్లుల్లి కలిసిన నూనెను బయట నిల్వ పెట్టకూడదు. క్యూబాలో మలంగా అనే దుంప మీద కూడా ఇదే పోస్తారని చూసి, ఇంటికి వచ్చాక చామదుంపలతో చేశాను. జిగురు తగ్గేదాకా ఉడికించి నీళ్లు వంపేస్తే, కర్రపెండలం కంటే వాటికే ఈ పులుపు బాగా పట్టింది.