స్ట్రాడ్ నోట ‘మీరు’, స్ట్రాడ్ నోట ‘నువ్వు’

వచ్చే శనివారం సాయంత్రం చిక్కడపల్లిలోని మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ అనే అచ్చు కథను మొదలుపెడుతున్నాం. ఆడేవాళ్లు ఐదుగురు: మా వదిన, మా మేనమామ కొడుకు, గచ్చిబౌలిలో నాతో పనిచేసే ఇద్దరు మిత్రులు, ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదువుతున్న పక్క వాటా అమ్మాయి. కథ నడిపించేది, అంటే డంజన్ మాస్టర్‌గా ఉండేది నేను. కథలోని గుట్లు కొన్ని ఇక్కడ విప్పక తప్పదు కాబట్టి, ఆ ఐదుగురూ, ముందు ముందు ఈ కథను ఆడాలనుకునేవారూ ఇక్కడితో ఆగిపోవాలని నా మనవి.

ఈ ఆటతో పరిచయం లేనివారికి రెండు మాటలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో మొదటిసారి అచ్చయింది. ఒకరు ఒక లోకాన్ని వర్ణిస్తూ, అందులోని జనమందరి తరఫునా మాట్లాడతారు. మిగిలినవారు తలా ఒక పాత్రను తీసుకుని ఏం చేస్తారో చెబుతారు. మాటలతో తేలనిదాన్ని ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథను సొంతంగా అల్లుకోవచ్చు, అచ్చయిన పుస్తకాన్ని తెచ్చుకోనూ వచ్చు. మేం తెచ్చుకున్న పుస్తకం 2016లో వచ్చింది, 256 పేజీలు. దానికి మూలం ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు రాయగా 1983లో అచ్చయిన ‘రేవెన్‌లాఫ్ట్’ అనే 32 పేజీల చిన్న పుస్తకం. పొగమంచు చుట్టుముట్టిన బరోవియా లోయ, కొండ అంచున ఒక కోట, ఆ కోటలో చావు లేని రక్తపిశాచి అయిన ప్రభువు స్ట్రాడ్. లోయలోకి వచ్చినవారిని ఆ మంచు తిరిగి బయటికి పోనివ్వదు.

రెండేళ్ల కిందట ఇంకో అచ్చు కథను ఇలాగే మొదలుపెట్టి నాలుగో వారానికే వదిలేశాం. తప్పు పుస్తకానిది కాదు, నేను సిద్ధపడిన తీరుది. ఏ గదిలో ఎందరు శత్రువులున్నారో, ఏ పెట్టెలో ఎంత బంగారం ఉందో నాకు కంఠతా వచ్చు. ఆటగాళ్లకు చదివి వినిపించమని గడికట్టి ఇచ్చిన వర్ణనలను ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నట్టే చదివేవాణ్ణి. చదవడం అయిపోగానే అందరం తెలుగులోకి వచ్చేసేవాళ్లం. దాంతో కథ ఒక భాషలో, ఆట ఇంకో భాషలో సాగాయి. సత్రం యజమాని, దొంగల నాయకుడు, గుడి పూజారి, ముగ్గురికీ ఒకే గొంతు ఉండేది, అది నా గొంతు. ఆట ఆగిపోయాక మా బావ ఒక మాట అన్నాడు: “అందులో నాకు ఒక్క మనిషీ గుర్తు లేడు, గదులే గుర్తున్నాయి.” ఆ మాటే ఈసారి నా తయారీని మార్చింది.

ఈసారి పుస్తకాన్ని మొదట చేతిలో పెన్ను లేకుండా, నవల చదివినట్టు చదివాను. రెండోసారి చదువుతూ గడికట్టిన వర్ణనలను ఒక్కొక్కటిగా తెలుగులో తిరగరాయడం మొదలుపెట్టాను. బరోవియా ద్వారాల దగ్గర వచ్చే వర్ణన నా నోటుపుస్తకంలో ఇలా ఉంది: “దారికి అటొకడు ఇటొకడు రాతి భటులు నిలబడి ఉన్నారు. మెడల మీద తలలు లేవు. అవి కింద పిచ్చిగడ్డిలో పడి ఉన్నాయి. మీరు దగ్గరికి రాగానే ఇనుప తలుపులు కిర్రుమంటూ వాటంతటవే తెరుచుకున్నాయి.” పొట్టి వాక్యాలు, చివర క్రియ. ఊపిరి తీసుకునే చోటే వాక్యం ఆగుతుంది. బిగ్గరగా చదివి చూసుకున్నప్పుడు నాలుక తడబడిన ప్రతి మాటనూ కొట్టేశాను.

వర్ణనలు సులువుగానే లొంగాయి. చిక్కంతా సంభాషణల దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో అందరికీ ఒకే ‘యూ’ సరిపోతుంది. తెలుగులో నోరు తెరిచిన మరుక్షణమే ‘మీరు’ అనాలో ‘నువ్వు’ అనాలో తేల్చుకోవాలి, అది తేలాలంటే ఆ ఇద్దరి మధ్య ఉన్నదేమిటో ముందే తెలియాలి. అందుకని ఒక పట్టిక గీశాను. ఎడమ పక్క కథలోని మనుషుల పేర్లు, పక్కన మూడు గడులు: వారికి ఏం కావాలి, ఎవరంటే భయం, మా ఐదుగురినీ ఏమని పిలుస్తారు. మూడో గడి నింపాలంటే మొదటి రెండింటి జవాబు ఖాయం కావాలి. అచ్చు కథను సిద్ధం చేసుకోవడమంటే ఆ మూడో గడిని నింపుకోవడమేనని ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇస్మార్క్‌ను చూడండి. తండ్రి కొత్తగా పోయాడు, శవపేటిక ఇంట్లోనే ఉంది, చెల్లెలు ఇరీనా మీద స్ట్రాడ్ కన్ను పడింది. ఆమెను వల్లాకీ పట్టణం దాకా క్షేమంగా చేర్చమని అతను అపరిచితులను బతిమాలతాడు. నా పట్టికలో అతను అందరినీ ‘అన్నా’, ‘అక్కా’ అనే పిలుస్తాడు. అయితే తన ఊరి గురించి చెప్పేటప్పుడు మాత్రం “మేము చాలా ఏళ్లుగా సూర్యుణ్ణి సరిగా చూడలేదు” అంటాడు. ఆ ‘మేము’లో వచ్చినవారికి చోటు లేదు. దారిలో ఎప్పుడో ఒక రాత్రి అతని నోటి నుంచి ‘మనం’ అని రావాలి. ఏ రాత్రి వస్తుందో నేను నిర్ణయించలేదు, అది ఆటగాళ్లు సంపాదించుకోవాల్సిన మాట. వల్లాకీని ఏలే బేరన్ అందుకు పూర్తిగా ఎదురు. వారం వారం బలవంతపు పండుగలు చేయించి, మొహం ముడుచుకున్నవారిని శిక్షించే మనిషి అతను. అతని ప్రతి వాక్యమూ ‘మనమందరం’తోనే మొదలవుతుంది, అందుకే ఆ మాట వింటే ఊరివాళ్లు తలలు దించుకుంటారు.

ఇక స్ట్రాడ్. అతను రాజు, సేనాపతి, వచ్చినవారు ఎవరైనా తనకు అతిథులే. “దయచేయండి, ప్రయాణంలో అలసిపోయి ఉంటారు” అనే మనిషి. అతని మాటల కోసం పాత ఉత్తరాల భాషను ఎంచుకున్నాను, గొంతు పెంచడం అసలు లేదు. అతను అందరినీ ‘మీరు’ అంటాడు. ఎవరు తనకు మొదటిసారి అడ్డం తిరుగుతారో, వారిని ఆ క్షణం నుంచి ‘నువ్వు’ అంటాడు, ఆ తర్వాత వారికి మళ్లీ ‘మీరు’ దక్కదు. భయం పుట్టించడానికి నేను ఇంతకంటే ఎక్కువ ఏమీ చేయదలచుకోలేదు. కేకలూ వికటాట్టహాసాలూ మన వెండితెర మాంత్రికులకే బాగుంటాయి.

ఒక విషయంలో మాత్రం తెలుగులో ఆడేటప్పుడు ఈ కథకు ప్రమాదం ఉంది. స్ట్రాడ్ తన తమ్ముడు సెర్గీని అతని పెళ్లిరోజునే చంపాడు, పెళ్లికూతురు టట్యానాను వెంబడించాడు, ఆమె అతనికి చిక్కకుండా కోట మీది నుంచి దూకేసింది. ఆమే ఇరీనాగా మళ్లీ పుట్టిందని అతని నమ్మకం. పునర్జన్మ అనగానే మనవారికి వివరించాల్సిన పని ఉండదు, అదే ఇక్కడి ఇబ్బంది. మనం పెరిగిన కథల్లో మళ్లీ పుట్టడమంటే విడిపోయిన జంట కలవడం. ఆ అలవాటులో స్ట్రాడ్‌ను ఎవరైనా విరహి అనుకున్నారంటే కథ తలకిందులవుతుంది. ఆమె ఏ జన్మలోనూ అతన్ని కోరుకోలేదు. అందుకే అతని మాటల్లో ‘ప్రేమ’ అనే పదాన్ని ఎక్కడా రానివ్వకుండా, వచ్చిన ప్రతి చోటా ‘నాది’ అని మార్చాను.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది జోస్యం. మేడమ్ ఈవా అనే వృద్ధురాలు ఐదు పేకముక్కలు తీసి, స్ట్రాడ్‌ను ఎదిరించడానికి పనికొచ్చే మూడు వస్తువులు ఎక్కడున్నాయో, తోడు వచ్చేది ఎవరో, చివరికి అతను కోటలో ఎక్కడ ఎదురవుతాడో చెబుతుంది. ముక్కలను బట్టి కథ ప్రతిసారీ మారుతుంది. దానికి 54 ముక్కల ప్రత్యేకమైన కట్ట ఉన్నా, మామూలు పేకతోనూ సరిపెట్టుకోవచ్చు: ఇస్పేట్లు కత్తులు, కళావర్లు నక్షత్రాలు, డైమండ్లు నాణేలు, ఆఠీన్లు లిపి గుర్తులు, బొమ్మ ముక్కలూ రెండు జోకర్లూ కలిపి ‘పై కట్ట’ అనే విడి కట్ట. పోయిన ఆదివారం రాత్రి అందరూ పడుకున్నాక, ముక్కలు ఎగరకుండా ఫ్యాను ఆపి, మా ఇంట్లో దసరాకు ఆడే పాత పేకను బల్ల మీద కలిపాను. అంచులు మెత్తబడిపోయిన ఆ ముక్కల్లో ఐదింటిని తీసి, రాసుకుని, అదే వరుసలో రబ్బరు బ్యాండు వేసి దాచాను. శనివారం అవే వస్తాయి. ఆటగాళ్ల ముందే తీయాలనేవారున్నారు. కానీ వస్తువులు ఎక్కడున్నాయో నాకు తెలిస్తేనే మొదటి వారం నుంచి వాటి జాడలు చల్లగలను. పైగా అవి అదృష్టం ఇచ్చిన ముక్కలే, నేను ఏరుకున్నవి కావు.

మేడమ్ ఈవా విస్తానీలనే సంచారజాతి మనిషి. నా తయారీలో ఎక్కువ సమయం తీసుకున్నది వారే. ఐరోపాలోని రోమా ప్రజల మీద ఉన్న పాత అపవాదులను, అంటే తాగుడు, దొంగతనం, మోసం, వీరికి అంటగట్టారన్న విమర్శ వచ్చాక, ప్రచురణకర్తలు 2020లో ఆ భాగాలను సవరిస్తామని ప్రకటించారు. హైదరాబాదులో కూర్చుని ఈ సంగతిని దూరపు గొడవ అనుకోవడం నాకు సాధ్యం కాలేదు. సోది చెప్పే ఎరుకలసానిని చూడని ఇల్లు మన దగ్గర ఉండదు. ఆ ఎరుకలను బ్రిటిష్ పాలనలో నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేశారు. 1871లో వచ్చిన ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు. అందుకని మా ఆటలో విస్తానీలు మంచు దాటే దారులు తెలిసిన వర్తకులు, వార్తాహరులు. స్ట్రాడ్‌కు ఊడిగం చేసేవారు వారిలోనూ ఉంటారు, ఊళ్లలోనూ ఉంటారు. మేడమ్ ఈవా మాత్రం అందరినీ, చివరికి స్ట్రాడ్‌ను కూడా, ‘నువ్వు’ అంటుంది. ఆ లోయలో అలా అనగలిగేది ఆమె ఒక్కతే.

భయం గురించి ఐదుగురితోనూ విడివిడిగా ఫోనులో మాట్లాడాను. మిత్రుల్లో ఒకరి ఇంట్లో ఆరు నెలల పాప ఉంది. పాత పిండిమర మంత్రగత్తెలు పిల్లల ఎముకలు కలిపి రొట్టెలు చేసే ఘట్టాన్ని ఆ కారణంగా మార్చాను. ఇప్పుడు పిండిలో కలిసేవి కొనుక్కున్నవారి జ్ఞాపకాలు. పిలవందే రక్తపిశాచి గడప దాటలేదనే నియమాన్ని ఎలా చెప్పాలా అని మాత్రం ఆలోచించాల్సిన పనే పడలేదు. తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసిన రోజులు మా ఐదుగురిలో నలుగురికి గుర్తున్నాయి.

మిగిలినవి చిన్న పనులు. కోట పటాలను నారాయణగూడలో ఏ-త్రీ కాగితాల మీద తీయించాను; 88 అంకెలతో గుర్తులు పెట్టిన ఆ కోటను ఇప్పుడే బట్టీ పట్టను, అక్కడికి చేరడానికి నెలలు పడుతుంది. పటం మీద వీరులకు గుర్తులుగా క్యారమ్ బిళ్లలు, తోడేళ్లకు చింతపిక్కలు.

పట్టికలో ఒక్క గడి ఇంకా ఖాళీగా ఉంది. ఇరీనా స్ట్రాడ్‌ను ఏమని పిలుస్తుంది? ‘మీరు’ అంటే లొంగినట్టు, ‘నువ్వు’ అంటే చనువున్నట్టు, ‘వాడు’ అనాలంటే అతను ఎదురుగా ఉండకూడదు. మూడు రాత్రులు రాసి కొట్టేశాను. మా వదిన తీసుకున్న పాత్ర ఒక వైద్యురాలు, ఇరీనా మెడ మీది గాట్లకు మొదట కట్టు కట్టేది ఆమే అయి ఉంటుంది. ఆ కట్టు కడుతూ వదిన ఏమడుగుతుందో విన్నాకే ఆ గడిలో రాస్తాను.